చేపల పులుసుతో రీస్‌లింగ్ ట్రోకెన్ ఎందుకు కుదరలేదు, మరి దేనితో కుదురుతుంది

మీరడిగింది ఇదీ: ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీతో పనిచేసే జర్మన్ ఆయన ఒక వైన్ సీసా ఇచ్చారు. మీద రైన్‌గౌ (ప్రాంతం పేరు), రీస్‌లింగ్ (తెల్ల ద్రాక్ష రకం), ట్రోకెన్ (తీపి లేనిది) అని ఉంది. ఒట్టిగా తాగితే పుల్లగా కొట్టింది. చేపకి తెల్ల వైన్ బాగుంటుందని విని ఆదివారం చేపల పులుసుతో తాగితే వైన్ నీళ్లలా పలచబడింది, నాలుక మాత్రం భగ్గుమంది. సీసా చెడిందా, దీన్ని దేనితో తాగాలి?

సీసా చెడలేదండి, జోడీ కుదరలేదు. వెన్న, మీగడ, నూనె, ఉప్పు ఉండి, పులుపూ కారమూ తక్కువగా ఉన్న వంటలకి ఈ వైన్ పుట్టింది. వెన్నలో వేయించిన ట్రౌట్ చేప, పంది ష్నిట్సెల్ (రొట్టెపొడి అద్ది వేయించిన పల్చటి మాంసం ముక్క), సావర్‌క్రౌట్ (పులియబెట్టిన క్యాబేజీ), మేక పాల చీజ్ లాంటివి. మన వంటల్లో నెయ్యి వేసిన ముద్దపప్పు, గారెలు, మిరియాల రొయ్యల వేపుడు దీనితో బాగా పోతాయి. పులుసు, గోంగూర, ఆవకాయ పోవు.

చేపకి తెల్ల వైన్ అనే మాట సగమే నిజం. చూడాల్సింది చేపని కాదు, ఆ చేప దేనిలో ఉడికిందో. అదే చేప వెన్నలో వేగితే ఈ సీసాకి అంతకంటే మంచి తోడు లేదు. చింతపండు రసంలో మిరపకారంతో ఉడికితే ఇంతకంటే చెడ్డ తోడు లేదు.

దీనికి కారణం తమాషాగా ఉంటుంది. చింతపండులో ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలో ప్రధానమైనదీ అదే. అంటే మీరు పులుపు మీద అదే పులుపు పోశారు, పైగా పులుసులో అది చాలా చిక్కగా ఉంది. నోరు పులుసు పులుపుకి అలవాటు పడిపోయాక వైన్‌లో పులుపు తెలియదు. రీస్‌లింగ్‌కి ప్రాణమే ఆ పులుపు. అది పోతే మిగిలేది చప్పిడి నీళ్లూ కాస్త చేదూ. ఇక మంట సంగతి. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం నోటిలో ఏ నరాలను రేపుతుందో ఆల్కహాల్ కూడా వాటినే రేపుతుంది. తీపి ఉంటే ఆ మంట కొంత అణుగుతుంది. మీ వైన్‌లో 12 శాతం ఆల్కహాల్ ఉంది, తీపి దాదాపు లేదు. ఇక భగ్గుమనక ఏమవుతుంది?

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఒక ప్లేటులో చిటికెడు ఉప్పు, ఒక నిమ్మ చెక్క, చిన్న బెల్లం ముక్క పెట్టుకోండి. ముందు ఒట్టి వైన్ ఒక గుక్క. తర్వాత ఉప్పద్దిన నిమ్మ చెక్క నాకి మళ్లీ ఒక గుక్క: పులుపు తగ్గి, పండు రుచి పైకి తేలి, వైన్ కాస్త తియ్యబడినట్టు ఉంటుంది. నీళ్లు తాగి, బెల్లం చప్పరించి ఇంకో గుక్క: ఇప్పుడు అదే వైన్ ఒట్టి నిమ్మరసం. ఉప్పూ, కొద్దిపాటి పులుపూ ఈ వైన్‌ని మెత్తబరుస్తాయి, తీపి దాన్ని చంపుతుంది. అందుకే పాయసం, కేకులతో ట్రోకెన్ ఎప్పుడూ వద్దు. పులుపు విషయంలో మోతాదే కీలకం. నిమ్మ పిండితే మంచిది, చింతపండు పిసికితే చెడ్డది.

సీసా మీద చదవాల్సినవి

ట్రోకెన్ అంటే మాటకి పొడి అని అర్థం. వైన్ లెక్కలో తీపి లేనిది అని. చట్టం ప్రకారం లీటరుకు 4 గ్రాముల లోపు చక్కెర ఉండాలి. ఆమ్లం బాగా ఉంటే 9 గ్రాముల దాకా ఒప్పుకుంటారు, కానీ చక్కెర అంకె ఆమ్లం అంకెని 2 గ్రాములకు మించి దాటకూడదు. 8 గ్రాముల చక్కెర ఉందంటే ఆమ్లం కనీసం 6 గ్రాములు ఉండాలన్నమాట. రీస్‌లింగ్‌లో 7, 8 గ్రాముల ఆమ్లం మామూలే కాబట్టి ఆ పైమెట్టు దాకా చక్కెర ఉంచేవాళ్లూ ఉన్నారు. ట్రోకెన్ అని రాసి ఉన్న రెండు సీసాలు నోటికి వేరువేరుగా తగలడానికి ఇదొక కారణం.

దాని తర్వాతి మెట్టు హాల్బ్‌ట్రోకెన్, అంటే సగం పొడి. ఆమ్లాన్ని బట్టి 18 గ్రాముల దాకా వెళ్తుంది. ఫైన్‌హెర్బ్ అనే మాట కూడా చాలా సీసాల మీద కనిపిస్తుంది. దానికి చట్టంలో అంకెల హద్దు లేదు, కొద్దిగా తీపి తగులుతుందని మాత్రం అర్థం చేసుకోండి. మన వంటలకి పనికొచ్చే మాట ఇదే, కింద మళ్లీ వస్తాను.

చాలామంది పొరబడేది కాబినెట్, ష్పేట్‌లేజ అనే మాటల దగ్గర. 1971 నాటి వైన్ చట్టం ఖరారు చేసిన ఈ మెట్లు కోతప్పుడు ద్రాక్ష ఎంత పండిందో చెప్తాయి, సీసాలో తీపి ఎంతుందో చెప్పవు. రసంలోని చక్కెర మొత్తం పులిసి ఆల్కహాల్ అయిపోతే ష్పేట్‌లేజ కూడా ట్రోకెన్ అవుతుంది. పక్కన ట్రోకెన్ అన్న మాట లేకుండా ఒట్టి కాబినెట్ అనో ష్పేట్‌లేజ అనో ఉంటే, ముఖ్యంగా మోజెల్ అనే నదీ ప్రాంతపు సీసా అయితే, తీపిదే అనుకోండి. ఆల్కహాల్ అంకె కూడా గుట్టు చెప్పేస్తుంది. 8, 9 శాతం ఉంటే చక్కెర మిగిలి ఉంది, 11.5 దాటితే దాదాపు తీపి లేనిదే.

ఇంకొక కొత్త వసతి ఉంది. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకి యూరోపియన్ యూనియన్‌లో పోషకాల వివరాలు ఇవ్వడం తప్పనిసరి. చాలామంది వెనక లేబుల్ మీద క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. ఫోన్‌తో తెరిస్తే 100 మిల్లీలీటర్లకి చక్కెర ఎంతో కనిపిస్తుంది, దాన్ని పదితో గుణిస్తే లీటరు లెక్క వస్తుంది. 0.3 గ్రాములు అని ఉంటే గట్టి ట్రోకెన్, 0.8 ఉంటే మెత్తటి ట్రోకెన్. అంగడిలో నిలబడి ఊహించుకునే కంటే ఇది నయం.

మూత మీద ద్రాక్షగుత్తి పట్టుకున్న గద్ద బొమ్మ ఉంటే అది వీడీపీ అనే తోటల యజమానుల సంఘం సభ్యులది. వాళ్ల లెక్కలో గుట్స్‌వైన్ మొదటి మెట్టు, ఓర్ట్స్‌వైన్ ఊరి పేరుతో వచ్చేది, అన్నిటికీ పైన గ్రోసెస్ గెవెక్స్, పొట్టిగా జీజీ. జీజీ ఎప్పుడూ ట్రోకెనే. ఇంట్లో భోజనానికి గుట్స్‌వైన్ చాలు. తక్కువ ధరలోనే మంచివి దొరుకుతాయి. జీజీ కొని ఆ వారమే తెరిస్తే డబ్బు దండగ, దానికి నాలుగైదేళ్లు సీసాలో ఉండే ఓపిక కావాలి.

మీ సీసా ఎక్కడిది, దాని పక్కవాళ్లెవరు

రైన్ నది ఎక్కువగా ఉత్తరానికి పారుతుంది. రైన్‌గౌ దగ్గర మాత్రం పడమటికి తిరుగుతుంది. దాంతో ఆ ఒడ్డు కొండవాలు మొత్తం దక్షిణపు ఎండకి ఎదురుగా ఉంటుంది. అక్కడి తోటల్లో ముప్పావు వంతు దాకా రీస్‌లింగే. ఈ ద్రాక్ష పేరు రాతలో మొదట కనిపించింది కూడా మీకు దగ్గర్లోనే, రూసెల్స్‌హైమ్‌లో, 1435 నాటి ఒక లెక్కల పుస్తకంలో.

పలకరాయి నేలల మోజెల్ ట్రోకెన్లు సన్నగా, చురుగ్గా ఉంటాయి. దక్షిణాన ఉన్న ఫాల్ట్స్ ప్రాంతంవి ఒళ్లు చేసినట్టు నిండుగా ఉంటాయి. మాంసం వంటలకి ఫాల్ట్స్, చేపకి మోజెల్ లేదా రైన్‌గౌ తీసుకుంటే చాలావరకు తప్పు పోదు.

రీస్‌లింగ్ పులుపు మీకు అసలు పడకపోతే సిల్వానర్ అనే ఇంకో తెల్ల ద్రాక్ష వైన్ చూడండి. ఫ్రాంకెన్ ప్రాంతంలో, వ్యూర్త్స్‌బుర్గ్ చుట్టుపక్కల సున్నపురాయి నేలల్లో పండుతుంది. బొక్స్‌బాయిటెల్ అనే చప్పటి పొట్ట సీసాలో వస్తుంది, అరలో దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. జర్మనీలో దీన్ని మొదట నాటింది 1659లో, కాస్టెల్ అనే ఊళ్లో. పులుపు తక్కువ, గడ్డి వాసన, బేరిపండు వాసన, కొంచెం మట్టి రుచి. గొంతెత్తి మాట్లాడే వైన్ కాదు, అందుకే తిండి పక్కన బాగా ఇముడుతుంది. వైస్‌బుర్గుండర్ అనే తెల్ల ద్రాక్ష వైన్ కూడా ఇలాగే మెత్తనిది. వైన్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రీస్‌లింగ్ కంటే ముందు సిల్వానర్ ఇవ్వాలని నా అభిప్రాయం. రీస్‌లింగ్ అభిమానులు దీనికి ఒప్పుకోరు.

జర్మన్ వంటల్లో దేనికి ఏది

ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా ఊరంతా ష్పార్గెల్ గోలే, అంటే తెల్ల ఆస్పరాగస్. దీనికి సిల్వానర్ తప్ప వేరేది పోయను. ష్పార్గెల్‌లో కొద్దిగా చేదూ, గంధకం వాసనా ఉంటాయి. చురుకైన రీస్‌లింగ్ తగిలితే ఆ చేదు ఇనుప రుచిగా మారుతుంది. ఓక్ పీపాలో పెట్టిన వైన్ అయితే ఇంకా ఘోరం.

వండటంలో చేదు తగ్గించుకుంటే వైన్‌కి సగం పని తగ్గుతుంది. భోజనానికి మనిషికి అరకిలో లెక్క. తల కింద నుంచి మొదలుపెట్టి కాడ చివరిదాకా చెక్కు తీయాలి. కింద 1, 2 సెంటీమీటర్లు కోసేయాలి. చెక్కు పొదుపుగా తీస్తే పీచు పళ్లలో ఇరుక్కుంటుంది, చేదు కూడా అక్కడే ఉంటుంది. ఆ చెక్కుల్ని పారేయకుండా పావుగంట నీళ్లలో మరిగించి వడగట్టి, ఆ నీళ్లలోనే ఉప్పు, చిటికెడు చక్కెర, ఒక చెంచా వెన్న వేసి కాడల్ని ఉడికించాలి. లావుని బట్టి 10 నుంచి 15 నిమిషాలు. ఫోర్కు మీద ఎత్తితే కొంచెం వంగాలి, మన మునక్కాయలా మెత్తబడకూడదు.

పక్కన ఉడికించిన కొత్త బంగాళాదుంపలు, కావాలంటే హ్యామ్, పైన హాలండేజ్, అంటే గుడ్డు, వెన్న కలిపిన సాస్. రెండు గుడ్ల పచ్చసొనలో మూడు చెంచాల సిల్వానర్ పోసి, సలసల మరగని వేడి నీళ్ల గిన్నె మీద గిలకొట్టాలి. చిక్కబడ్డాక 125 గ్రాముల కరిగిన వెన్న సన్నటి ధారగా కలపాలి. వేడి ఎక్కువైతే గుడ్డు ముద్దలు కడుతుంది, వెన్న తొందరగా పోస్తే విరిగిపోతుంది. విరగడం మొదలైందని అనిపిస్తే వెంటనే పొయ్యి మీంచి దించి ఒక చెంచా చల్లటి నీళ్లు వేసి గిలకొడితే చాలాసార్లు దారికొస్తుంది. నిమ్మరసం నాలుగు చుక్కలు చాలు. సాస్ పుల్లబడితే మెత్తటి సిల్వానర్ దాని పక్కన తేలిపోతుంది.

మీ రైన్‌గౌ సీసాకి అసలైన తోడు ట్రౌట్. ఫోరెల్లె మ్యుల్లరిన్ అంటారు. 300 గ్రాముల చేపని తడి లేకుండా తుడిచి, ఉప్పేసి, పిండి అద్ది, దులిపి, వెన్నలో ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. ఉత్త వెన్న మాడుతుంది కాబట్టి మొదట నూనెలో వేయించి చివర్లో వెన్న వేయండి, లేదా నెయ్యి వాడండి. నిమ్మ చెక్క, పార్స్‌లీ చాలు. వెన్న జిడ్డు మీద వైన్ పులుపు పడి ప్రతి ముద్దకీ నోరు కొత్తగా అవుతుంది. వేపుడు పక్కన మనం నిమ్మకాయ పెట్టుకునేది కూడా దీనికే.

సావర్‌క్రౌట్ పుల్లగా ఉంటుంది కదా, మరి పులుసు సంగతి దానికి వర్తించదా అని అడగవచ్చు. వర్తిస్తుంది. అందుకే దానిలో కొవ్వు పెంచి పులుపు తగ్గించుకోవాలి. అరకిలో సావర్‌క్రౌట్‌ని రుచి చూసి మరీ పుల్లగా ఉంటే కడిగి పిండాలి. ఉల్లిపాయ కొవ్వులో వేగాక దాన్ని వేసి, 150 నుంచి 200 మిల్లీలీటర్ల రీస్‌లింగ్ మొదట్లోనే పోసి, ఒక బిర్యానీ ఆకు, ఐదారు జూనిపర్ గింజలతో ముప్పావుగంట సన్న మంట మీద ఉంచాలి. చివర్లో పోస్తే పచ్చి వైన్ వాసన వేస్తుంది. వంటలో పోసిన వైనే గ్లాసులోనూ ఉంటే రెండూ కలిసిపోతాయి. దీనికి ఫాల్ట్స్ రీస్‌లింగ్ మేలు.

ష్నిట్సెల్‌కి, కోడి వేపుడుకి, ఫ్లామ్‌కూఖెన్‌కి (మీగడ, ఉల్లిపాయ, పంది మాంసం పరిచి కాల్చిన పల్చటి రొట్టె) ఏ ట్రోకెన్ అయినా సరే. చీజ్‌లో మేక పాలది, గట్టి కొండ చీజ్‌లు బాగుంటాయి. నీలి బూజు చీజ్‌కి తీపి వైన్ కావాలి. సలాడ్‌లో వెనిగర్ దట్టంగా ఉంటే ఏ వైన్ పోసినా వృథా. వెనిగర్ సగానికి తగ్గించండి, లేకపోతే నిమ్మరసం వాడండి.

మన వంటలతో

మొదట జంతికలు, చేగోడీలు, ఉప్పు వేరుశనగలతో తాగి చూడండి. నూనె, ఉప్పు, కరకర మూడూ ఉన్నాయి. అంత తేలిగ్గా కుదిరే జోడీ ఇంకొకటి లేదు. గారెలు కొబ్బరి పచ్చడితో అయితే సరే, అల్లం పచ్చడితో అయితే బెల్లం, చింతపండు రెండూ అడ్డం వస్తాయి. ముద్దపప్పు, నెయ్యి, అప్పడం బాగుంటాయి, పక్కన ఆవకాయ పెట్టుకోనంత వరకు. కొబ్బరిపాల పలావు, జీలకర్ర అన్నం, మిరియాలూ కరివేపాకూ వేసిన రొయ్యల వేపుడు, నిమ్మ పిండిన చేప వేపుడు, అన్నీ సరే. మిరియం ఘాటు అంత ఇబ్బంది పెట్టదు, ఎండుమిరప కారమే పెడుతుంది. వేపుడులో కారం మామూలుగా వేసేదాంట్లో మూడో వంతుకి తగ్గించండి.

బిర్యానీ, కోడికూర, గుత్తి వంకాయ లాంటి వాటితో వైన్ తాగాలనే పట్టుదల ఉంటే ట్రోకెన్ పక్కన పెట్టి ఫైన్‌హెర్బ్ లేదా మోజెల్ కాబినెట్ కొనండి. తీపి మంటని పట్టుకుంటుంది, ఆల్కహాల్ తక్కువ కాబట్టి మంట రేగదు, పులుపు ఉంది కాబట్టి షర్బత్‌లా అనిపించదు. ఇక మీ చేపల పులుసుకి ఏ సీసా వద్దు. పులుసు రుచే చాలు, దాని పక్కన మంచినీళ్లు పెట్టుకోండి.

చల్లదనం, గ్లాసు, అనుమానాలు

ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే వాసన మొత్తం ముడుచుకుపోయి పులుపొక్కటే తగులుతుంది. మీకు ఒట్టిగా తాగినప్పుడు పుల్లగా కొట్టడానికి ఇది కూడా కారణమై ఉండొచ్చు. మామూలు ట్రోకెన్‌కి 8 నుంచి 10 డిగ్రీలు, జీజీకి 10 నుంచి 12. ఫ్రిజ్‌లో రెండున్నర, మూడు గంటలు ఉంచి, తాగే ముందు పది నిమిషాలు బయట పెట్టండి. తొందరైతే సగం ఐసు, సగం నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసిన బకెట్‌లో 15, 20 నిమిషాలు. ఉత్త ఐసులో పెడితే సీసాకి ఐసు అంతటా తగలదు, ఆలస్యమవుతుంది. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది.

గ్లాసులో మూడో వంతే పోయండి. 100 నుంచి 125 మిల్లీలీటర్లు చాలు, అది వెచ్చబడేలోపు అయిపోతుంది.

సీసా అడుగున గాజు పలుకుల్లాంటివి కనిపిస్తే భయపడకండి. పైన చెప్పిన టార్టారిక్ ఆమ్లమే పొటాషియంతో కలిసి చల్లదనానికి గడ్డకట్టింది, జర్మన్లు వైన్‌స్టైన్ అంటారు. మెల్లగా వంచి పోస్తే అవి అడుగునే ఉండిపోతాయి. పాత రీస్‌లింగ్‌లో కిరోసిన్ లాంటి వాసన వస్తే అది కూడా చెడినట్టు కాదు, ఎండ బాగా తగిలిన ద్రాక్షలో పుట్టి సీసాలో వయసుతో పెరిగేదే. తడిసిన అట్టముక్క వాసన, ముగ్గిన గోనెసంచి వాసన వేస్తే మాత్రం బిరడా చెడిపోయింది, అంగడికి తిరిగిచ్చేయండి. రంగు ముదిరి, కోసి వదిలేసిన ఆపిల్ వాసన వేస్తే గాలి తగిలి పాడైంది.

మీ సీసా సగం మిగిలే ఉంటే మూత బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, పడుకోబెట్టకండి. రీస్‌లింగ్‌కి ఉన్న పులుపు వల్ల మూడు నాలుగు రోజులు నిలబడుతుంది. ఆదివారం తెరిచారు కాబట్టి బుధవారం లోపు ఒక ట్రౌట్ తెచ్చి వెన్నలో వేయించుకోండి. అప్పటికి చేప దొరక్కపోతే సావర్‌క్రౌట్‌లో పోసేయండి.